ఎవరూ రాలేదు కదా

2024 నవంబరు 22 రాత్రి నేను ఒక తలుపు మూశాను. మూయడానికి పట్టింది పది నిమిషాలు. ఆ తలుపు పదిహేడు నెలలుగా తెరిచి ఉందన్న సంగతి ఎవరికైనా చెప్పాలా వద్దా అని తేల్చుకోడానికి మాత్రం వారం పట్టింది. ఈ వ్యాసం ఆ వారం గురించి.

వెబ్‌సైట్లు తయారుచేసి పెట్టడం నా వృత్తి. ఉండేది నెల్లూరులో. రొయ్యపిల్లల హేచరీలు, కల్యాణ మండపాలు, ట్యూషన్ సెంటర్లు, ఇలాంటివాళ్ళే నా ఖాతాదారులు. మైపాడుకి ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఒక పల్లెపాలెం ఉంది. ఊరి పేరు రాయను. ఎందుకు రాయడంలేదో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. ఆ ఊరి కుర్రాళ్ళ సంఘానికి డబ్బు తీసుకోకుండా ఒక చిన్న సైటు చేసిపెట్టాను. అందులో గంగమ్మ తిరునాళ్ళ ఫొటోలు, ఊళ్ళో ఉన్న పడవల జాబితా, పడవ యజమానుల ఫోన్ నెంబర్లు ఉండేవి. చేపలు కొనేవాళ్ళు నేరుగా ఫోన్ చేస్తారని ఆ నెంబర్లు పెట్టించింది వాళ్ళే.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు, ఇంజను పడవలు వేటకు పోకూడదు. అది చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రెండు నెలలకూ ప్రభుత్వం భృతి ఇస్తుంది. 2023లో అది 10 వేల రూపాయలు. ఆ ఏడాది ఊళ్ళో 46 కుటుంబాల పేర్లు జాబితాలో రాలేదు. మళ్ళీ అర్జీలు పెట్టుకోవాలి. నేను జూన్ నెలలో ఒక ఆదివారం స్కానరు తీసుకుని వెళ్ళాను. ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ, రేషన్ కార్డు, అర్జీ, అన్నీ స్కాన్ చేశాను. అర్జీల మీద సగం పైగా సంతకాలు కావు, వేలిముద్రలు. కుర్రాళ్ళు ఎప్పుడు కావాలంటే అప్పుడు ప్రింటు తీసుకునేలా వాటిని సైటులోనే ఒక మూల, లాగిన్ అయితే తప్ప కనపడని చోట పెట్టాను. కాగితాలు మాత్రం ఆ సాయంత్రమే ఎవరివి వాళ్ళకి తిరిగి ఇచ్చేశాను.

లాగిన్‌కి పాస్‌వర్డ్ పెడితే కుర్రాళ్ళు పడవ పేరు రాసి పక్కన 123 అని కొడతారు. అది నాకు తెలుసు. అందుకని ఒక చిన్న ప్లగిన్ నేనే రాశాను. జాబితాలో ఉన్న ఫోన్ నెంబరు కొడితే ఆ ఫోన్‌కి నాలుగంకెల కోడ్ వస్తుంది. కోడ్ సరైనదైతే లోపలికి పంపుతుంది. ప్లగిన్ అంటే తెలియనివాళ్ళ కోసం ఒక మాట. ఇల్లు మేస్త్రీ కడతాడు, గొళ్ళేలూ తాళాలూ మనం బజార్లో కొని బిగించుకుంటాం. సైట్ల విషయంలోనూ అంతే. ప్రపంచంలో ఉన్న వెబ్‌సైట్లలో నూటికి నలభైకి పైగా వర్డ్‌ప్రెస్ అనే ఒకే మేస్త్రీ కట్టినవి. వాటికి బిగించుకునే గొళ్ళేలు ప్లగిన్లు. నేను బజారు గొళ్ళెం కొనకుండా సొంతంగా ఒకటి చేసుకున్నాను.

ఆ నవంబరులో మా వృత్తిలోవాళ్ళంతా ఒక బజారు గొళ్ళెం గురించే మాట్లాడుకున్నారు. దాని పేరు రియల్లీ సింపుల్ సెక్యూరిటీ. 40 లక్షలకు పైగా సైట్లలో ఉన్న ప్లగిన్ అది. నవంబరు 6న వర్డ్‌ఫెన్స్ అనే భద్రతా సంస్థలో పనిచేసే ఇష్త్వాన్ మార్తోన్ అందులో ఒక లోపం కనిపెట్టాడు. సంస్థ ముందు తయారీదారులకు చెప్పింది, వాళ్ళు సరిచేశాక, 14న లోకానికి చెప్పింది. తీవ్రతలో పదికి 9.8 మార్కులు పడ్డ లోపం. ఎంత తీవ్రమంటే, యజమానులు నొక్కేదాకా ఆగకుండా వర్డ్‌ప్రెస్ వాళ్ళే వీలైనన్ని సైట్లలోకి కొత్త వెర్షన్ తోసేశారు.

లోపం ఏమిటంటే, ఆ ప్లగిన్ లాగిన్‌కి రెండో తాళం వేస్తుంది. పాస్‌వర్డ్ తర్వాత ఇంకో పరీక్ష. అయితే ఆ రెండో తాళాన్ని ప్రస్తుతానికి వద్దనుకునేవాళ్ళ కోసం ఒక పక్కదారి పెట్టారు. తర్వాత చూద్దాం అనేవాళ్ళ దారి అన్నమాట. ఆ దారిలో వచ్చిన మనిషి దగ్గర ఒక రహస్యపు చీటీ ఉండాలి. చీటీ సరైనదా కాదా అని చూడడానికి ఒక ఫంక్షన్ రాశారు. అది తన పని సరిగ్గానే చేసింది. దొంగ చీటీ వస్తే దొంగ చీటీ అనే చెప్పింది. కానీ దాన్ని పిలిచిన ఫంక్షన్ ఆ జవాబు వినలేదు. అడిగింది, జవాబు వచ్చింది, జవాబు ఏమిటో చూడకుండా తరవాతి పనిలోకి పోయింది. ఆ తరవాతి పని, వచ్చినవాణ్ణి లోపలికి పంపడం. ఎవరి పేరు చెప్పుకుంటే వాళ్ళలాగా, సైటు యజమాని పేరు చెప్పుకుంటే యజమానిలాగే.

ఇంకో సంగతి. ఆ రెండో తాళం మామూలుగా ఆన్ అయి ఉండదు, మనమే ఆన్ చేసుకోవాలి. ఆన్ చేసుకున్న సైట్లకే ఈ ప్రమాదం. జాగ్రత్త గురించి అసలు ఆలోచించనివాళ్ళకి ఏమీ కాలేదు. ఇంకాస్త జాగ్రత్తగా ఉందామనుకున్నవాళ్ళ తలుపే తెరుచుకుంది.

ఈ వివరం చదువుతుంటే నాకు ఒళ్ళు చల్లబడింది. అడగడం, జవాబు వినకపోవడం. ఇలాంటిది నేనెక్కడో రాశాను. పల్లెపాలెం సైటు తెరిచి, నేను రాసిన ప్లగిన్ చూశాను. అదే తప్పు. కోడ్ తప్పయితే తెరమీద ఎర్ర అక్షరాల్లో "కోడ్ తప్పు" అని చూపిస్తుంది. చూపించి ఆగాలి. నేను ఆగమని రాయలేదు. ఒకపక్క ఎర్ర అక్షరాలు చూపిస్తూనే ఇంకోపక్క మనిషిని లోపలికి పంపేస్తోంది. తెరమీద మాత్రం లోపలికి వచ్చినట్టు కనపడదు. పేజీని ఇంకోసారి తెరిస్తే లోపల ఉంటాం. కావల్సిందల్లా జాబితాలో ఉన్న ఒక ఫోన్ నెంబరు. ఆ జాబితా సైటు మొదటి పేజీలోనే ఉంది.

పది నిమిషాల్లో సరిచేశాను. తర్వాత సర్వరు లాగ్ చూశాను. ఎవరు ఎప్పుడు వచ్చారో రాసుకునే పద్దు అది. మా హోస్టింగులో నాలుగు రోజుల పద్దే ఉంటుంది, పాతది చెరిగిపోతుంది. ఆ నాలుగు రోజుల్లో ఎవరూ రాలేదు.

పడుకోబోతూ నాకు నేను చెప్పుకున్న మాటలు ఇవి. ఎవరూ రాలేదు కదా. ఊరూ పేరూ లేని సైటు, ఎవడికి కావాలి? ఇది బజారు ప్లగిన్ కాదు, లోకంలో ఒకే ఒక్క చోట ఉంది, దీని లోపం ఎవడు వెతుకుతాడు? ఈ సంగతి నాకొక్కడికే తెలుసు, సరిచేసేశాను. చెప్తే ఏమవుతుంది? అనవసరంగా భయపడతారు. భయపడి చెయ్యగలిగిందీ ఏమీ లేదు. వాళ్ళ మంచికే చెప్పడంలేదు.

ఇందులో ప్రతి మాటా సబబుగానే ఉంది. అదే నన్ను ఇబ్బంది పెట్టింది. ఇన్ని సబబైన మాటలూ ఒకే వైపుకి, నాకు సుఖంగా ఉన్న వైపుకే ఎందుకు లాగుతున్నాయి?

ఇక్కడ నాకు ఒక పడవ గుర్తొచ్చింది. విలియం కింగ్డన్ క్లిఫర్డ్ అనే ఇంగ్లీషు గణితవేత్త 1877లో నమ్మకాల నీతి గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. దాని మొదట్లో ఒక ఓడ యజమాని కథ ఉంటుంది. పాత ఓడ, ఎన్నోసార్లు మరమ్మతు చేసింది. వలసపోయే కుటుంబాలను ఎక్కించుకుని బయల్దేరబోతోంది. యజమానికి అనుమానం వచ్చింది, విప్పి చూపించి బాగుచేయించాలేమో అని. ఖర్చవుతుంది. మెల్లగా మనసుకి సర్ది చెప్పుకున్నాడు. ఇన్ని ప్రయాణాలు చేసింది, ఇన్ని తుఫాన్లు తట్టుకుంది, ఇప్పుడు మాత్రం ఏమవుతుంది, దేవుడున్నాడు. చివరికి నిజంగానే నమ్మాడు. మనస్ఫూర్తిగా నమ్మి ఓడను పంపాడు. అది నడిసముద్రంలో మునిగింది. అతను బీమా డబ్బు తీసుకుని ఊరుకున్నాడు.

అతను నిజంగా నమ్మాడు కదా, తప్పేముంది అంటే క్లిఫర్డ్ ఒప్పుకోడు. అలా నమ్మే హక్కు అతనికి లేదంటాడు. పరీక్షించి సంపాదించుకున్న నమ్మకం కాదది, అనుమానాన్ని నొక్కిపెట్టి తెచ్చుకున్న నమ్మకం. అక్కడితో ఆగకుండా క్లిఫర్డ్ కథను మారుస్తాడు. ఓడ మునగలేదనుకోండి. క్షేమంగా ఒడ్డు చేరింది, ఆ తర్వాత కూడా ఎన్నోసార్లు తిరిగింది. అప్పుడు అతని తప్పు తగ్గుతుందా? రవ్వంత కూడా తగ్గదంటాడు. తప్పు ఓడ విడిచిన క్షణంలోనే జరిగిపోయింది. తర్వాత సముద్రం ఎలా ఉందన్నదానితో దానికి పని లేదు.

అందరూ దీన్ని ఒప్పుకోరు. నూరేళ్ళ తర్వాత, 1976లో, బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ ఇదే ముడి పట్టుకున్నారు. వాళ్ళు దానికి పెట్టిన పేరు నైతిక అదృష్టం. తాగి బండి నడిపిన ఇద్దరిలో ఒకడికి దారిలో పిల్లవాడు అడ్డం వచ్చాడు, ఇంకొకడికి రాలేదు. చేసిన పని ఒకటే అయినా మొదటివాణ్ణి మనం చూసే చూపు వేరు, రెండోవాణ్ణి చూసే చూపు వేరు. చట్టం కూడా అలాగే చూస్తుంది. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్నే తీసుకోండి. సమాచారం బయటికి పొక్కితే అది ఎవరిదో వాళ్ళందరికీ, డేటా రక్షణ బోర్డుకీ చెప్పి తీరాలంటుంది. చెప్పకపోతే జరిమానా 200 కోట్ల దాకా వెయ్యొచ్చు. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలవుతున్నాయి. అయితే ఇలా చెప్పే బాధ్యత విషయంలో చట్టం అడిగేది, పొక్కిందా అని. తలుపు తెరిచి ఉందా అని కాదు. ఎవరూ రాలేదు కదా అనే మాట ఆ బాధ్యత విషయంలో చాలావరకు చెల్లుతుంది.

నా ఇబ్బంది క్లిఫర్డ్ కథతో కూడా పూర్తిగా తీరలేదు. ఎందుకంటే ఆయన ఓడ ఒడ్డు చేరేదాకానే చూస్తాడు. యజమాని తప్పు చేశాడా లేదా అన్నదే ఆయన ప్రశ్న. తప్పు చేశానని నాకు తెలుసు, అందులో సందేహం లేదు. నా ప్రశ్న ఒడ్డు చేరాక మొదలవుతుంది. ప్రయాణికులు దిగిపోతున్నారు, యజమానికి నమస్కారాలు పెడుతున్నారు. ఓడ అడుగున చిల్లు ఉండిందని వాళ్ళకి చెప్పాలా?

ఇలా అడుక్కుంటే నాకు కనిపించింది ఇది. వాళ్ళు ఇంకోసారి అదే ఓడ ఎక్కుతారు. మళ్ళీ వేసవి వస్తుంది, మళ్ళీ కాగితాలు కావాలి, మళ్ళీ నన్ను పిలుస్తారు. మొదటిసారి ఏమీ కాలేదు కాబట్టి పిలుస్తారు. ఆ నమ్మకం వాళ్ళది. దేన్ని చూసి నమ్మారో అది నా దగ్గర లేదు. ఆ సంగతి తెలిస్తే నమ్మకాన్ని ఉంచుకోవాలో, తీసేసుకోవాలో, సగం ఉంచుకోవాలో తేల్చుకోవాల్సింది వాళ్ళు. నేను చెప్పకపోతే వాళ్ళ బదులు నేనే తేల్చేసినట్టు. వాళ్ళ మంచికే అనుకున్నాను చూడండి, అసలు తప్పు అక్కడుంది. నష్టం జరిగిందా లేదా అన్నది ఒక లెక్క. ఎవరు తేల్చుకోవాల్సింది ఎవరు తేల్చారన్నది వేరే లెక్క. మొదటిది సున్నా అయినంత మాత్రాన రెండోది సున్నా కాదు.

పైగా మొదటిది సున్నా అని నాకేం తెలుసు? పదిహేడు నెలల్లో నాలుగు రోజుల పద్దు చూశాను. మిగతా ఐదొందల రోజుల గురించి నాకు తెలిసింది శూన్యం. ఎవరూ రాలేదన్నది నాకు తెలిసిన సంగతి కాదు. వచ్చారని తెలియదు అన్నదే తెలిసిన సంగతి. ఈ రెండింటి మధ్య తేడాని నొక్కేస్తే ఓడ యజమాని నమ్మకం తయారవుతుంది. నేను రాసిన ఫంక్షన్ చేసిందీ అదే. తప్పు అని జవాబు వచ్చింది. విననట్టు ముందుకు పోయింది.

చెప్పి చెయ్యగలిగిందేమీ లేదన్న మాట కూడా నిలబడలేదు. 2018లో తెలంగాణలో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తిని పట్టుకున్నారు. అతను రిజిస్ట్రేషన్ శాఖ సైటులో ఉన్న దస్తావేజుల మీది వేలిముద్రలు తీసుకుని, రబ్బరు ముద్రలు చేసి, ఆ వేళ్ళతో వేల సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడు. కాగితం మీది వేలిముద్ర వేలిగా మారగలదని అప్పుడే మనకి రుజువైంది. నా సైటులో ఉన్నది ఆధార్ నెంబరు, బ్యాంకు పేరు, పక్కనే వేలిముద్ర. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, వేలిని మార్చుకోలేం. కానీ ఆధార్‌లో వేలిముద్రకి తాళం వేసుకునే సదుపాయం ఉంది. తాళం వేశాక మళ్ళీ తీసేదాకా ఆ వేలు ఎక్కడా పనిచెయ్యదు. అంటే వాళ్ళు చెయ్యగలిగిన పని ఒకటి ఉంది. నేను చెప్తేనే చెయ్యగలరు.

మిగిలింది భయం. మన దగ్గర తాళంలో లోపముందని చెప్పినవాళ్ళకి జరిగే మర్యాద చిన్నదేం కాదు. హైదరాబాదుకి చెందిన వేమూరు హరిప్రసాద్ ఇద్దరు విదేశీ పరిశోధకులతో కలిసి ఒక ఓటింగు యంత్రాన్ని పరీక్షించి, దాని లోపాలివి అని 2010 ఏప్రిల్‌లో బయటపెట్టారు. ఆగస్టు 21న పోలీసులు ఆయన్ని ఇంటి నుంచి తీసుకెళ్ళారు. ఆ యంత్రం ఎక్కడిది, ఎవరిచ్చారు అన్నది వాళ్ళ ప్రశ్న. వారం తర్వాత బెయిలు వచ్చింది. యంత్రాల మీద ఆయన వాదన తప్పో ఒప్పో నేనిక్కడ తేల్చబోవడంలేదు. 2017లో అంబర్ సిన్హా, శ్రీనివాస్ కొడాలి ఒక నివేదిక రాశారు. నాలుగు ప్రభుత్వ పోర్టళ్ళలో 13 కోట్లకు పైగా ఆధార్ నెంబర్లు ఎవరైనా చూసేలా ఉన్నాయని దాని సారాంశం. వాటిలో రెండు మన ఆంధ్రప్రదేశ్‌వి, ఉపాధి హామీ చెల్లింపులది ఒకటి, చంద్రన్న బీమాది ఒకటి. ఆధార్ సంస్థ నుంచి సంజాయిషీ అడుగుతూ ఉత్తరం వచ్చింది ఆ నివేదిక ప్రచురించిన సంస్థకే.

వాళ్ళు చెప్పింది ఇతరుల తలుపుల గురించి. నాది నా తలుపే. నన్నెవరూ అరెస్టు చెయ్యరు, ఎవరూ ఉత్తరం రాయరు. నేను భయపడింది ఒక రామమందిరం అరుగు మీద నలభైమంది ముందు చిన్నబోవడానికి. ఇలా పక్కపక్కన పెట్టి చూసుకున్నాక, వెళ్ళకపోవడానికి కారణం ఏదీ మిగల్లేదు.

నవంబరు 29, శుక్రవారం. బంగాళాఖాతంలో ఫెంగల్ తుఫాను తమిళనాడు వైపు కదులుతోంది. దక్షిణ కోస్తా అంతా వేటకు పోవద్దని చెప్పారు. పడవలన్నీ సరుగుడు తోపు దాకా లాగేసి ఉన్నాయి. వాన పడుతూ ఆగుతూ ఉంది. ఊరంతా ఇళ్ళలోనే ఉన్నారు. పెద్దకాపుని నేను మామా అంటాను. ఆయనకి ముందే ఫోన్ చేసి, అందరికీ ఒక మాట చెప్పాలి అన్నాను. అరుగు మీదికి చేరారు.

తలుపు, గొళ్ళెం, చీటీ, ఇక్కడ మీకు చెప్పినట్టే చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒకామె అడిగింది.

"అయితే మా డబ్బులు పొయినాయా?"

"లేదక్కా. పోయినట్టు నాకేం కనపళ్ళేదు. బ్యాంకు పుస్తకాలు ఒకసారి చూయించుకోండి."

"ఏం పోకపోతే మరెందుకు చెప్తా ఉండావు?"

వారం రోజులు ఆలోచించిన జవాబు నా దగ్గర ఉంది. అది ఆమెకి ఎలా చెప్పాలో తెలియక తడుముకుంటుంటే, వెనక నుంచి సంఘం కుర్రాడొకడు అందుకున్నాడు.

"అన్నా, కోడు తప్పు కొట్టి మళ్ళా తెరిస్తే లోపలికి పోతాది. దాన్నేనా నువ్వు చెప్పేది?"

"నీకు తెలుసా?"

"అందరికీ తెలుసు. ఈడ సిగ్నల్ ఉండదు, కోడు రాదు. నాలుగు ఒకట్లు కొట్టి మళ్ళా తెరుస్తాం. మా కోసరమని నువ్వే అట్టా పెట్టినావనుకున్యాం."

నాకొక్కడికే తెలుసనుకున్న రహస్యం ఊళ్ళో కుర్రాళ్ళందరికీ మొదటినుంచీ తెలుసు. వాళ్ళ దృష్టిలో అది లోపం కాదు, నేను చేసిన ఉపకారం. నేను ఒక్కసారి, ఎలా వాడుతున్నారబ్బాయ్ అని అడిగుంటే, 2023లోనే బయటపడేది. అడగలేదు. వాళ్ళలో ఎవరి స్నేహితులకి ఈ కిటుకు చెప్పారో, ఆ స్నేహితులు ఎవరికి చెప్పారో, ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఎవరూ రాలేదు కదా అన్న నా మాటకి అక్కడితో ఆయుష్షు తీరింది.

పెద్దకాపు ఇదంతా విని అడిగిన ప్రశ్న మాత్రం నేను ఊహించింది కాదు.

"అది సరే అబ్బయా. ఆ కాయితాలు ఆపొద్దే ఎవురివి వాళ్ళకి ఇచ్చేసినావు గదా. మళ్ళా నీ కాడ యాడియి?"

నేను తిరిగి ఇచ్చింది కాగితాలు. నకళ్ళు నా దగ్గరే ఉండిపోయాయి. మా వృత్తిలో ఇది ఎవరికీ వింతగా తోచదు. కాగితం చేతులు మారితే ఇచ్చినవాడి చేతిలో అది ఉండదు. ఫైలు అలా కాదు, ఎంతమందికి ఇచ్చినా ఇచ్చినవాడి దగ్గర కూడా ఉంటుంది. తిరిగి ఇవ్వడం అనే మాటకి ఆయనకి తెలిసిన అర్థం వేరు, నాకు తెలిసిన అర్థం వేరు.

"ఉండిపోయాయి మామా."

"ఉండిపోయేదేంది? అర్జీలు పెట్టేసినాం, డబ్బులొచ్చేవోళ్ళకి వచ్చేసినాయి. చేప తెస్తే అమ్మాల, అమ్ముడు కాకపోతే ఉప్పెయ్యాల, అదీ కాదంటే పారెయ్యాల. ఊరికే పెట్టుకుంటే కంపు కొట్టదా?"

వారం రోజులుగా నేను గొళ్ళెం గురించి ఆలోచిస్తున్నాను. లోపల ఏముంది, ఇంకా ఎందుకుంది అని ఒక్కసారి కూడా అనుకోలేదు. 2023 జులై తర్వాత ఆ స్కాన్లతో ఎవరికీ పని లేదు. ఆ జులైలోనే చెరిపేసి ఉంటే, నా ప్లగిన్‌లో ఎన్ని చిల్లులున్నా తెరుచుకునేది ఖాళీ గది. తాళం ఎంత గట్టిదో చూడాలని మాకు నేర్పుతారు. తాళం వేసే అవసరం తెచ్చుకోకుండా ఉండడం ఎలాగో ఎవరూ నేర్పరు. పెద్దకాపుకి అది నేర్పాల్సిన పని లేదు, రోజూ చేసే పనే.

వాళ్ళ ముందే సైటులోంచి స్కాన్లు తీసేశాను. నెల్లూరు వచ్చాక వెతికితే ఇంకో నాలుగు నకళ్ళు దొరికాయి. హోస్టింగువాళ్ళ బ్యాకప్‌లో ఒకటి, నా లాప్‌టాప్‌లో రెండు, పాత హార్డ్‌డిస్కులో ఒకటి. అన్నీ చెరపడానికి రెండు రోజులు పట్టింది. సంఘం కుర్రాళ్ళ ఫోన్లలో ఎన్ని ఉన్నాయో వాళ్ళనే చూసుకోమన్నాను.

ఆధార్ తాళం సంగతి కూడా ఆ రోజే చెప్పాను. తాళం వేసుకుంటే దొంగకి వేలు పనిచెయ్యదు, మీక్కూడా పనిచెయ్యదు అన్నాను. రేషను తెచ్చుకునేప్పుడు, వేలు పెట్టి బ్యాంకు డబ్బు తీసుకునేప్పుడు ముందు తాళం తీయాలి, అయ్యాక మళ్ళీ వెయ్యాలి, దానికి ఆధార్‌కి కలిపిన ఫోన్ నెంబరు చేతిలో ఉండాలి. 46 కుటుంబాల్లో తొమ్మిదిమంది వేసుకున్నారు. మిగతావాళ్ళు వద్దన్నారు. పెద్దకాపు కూడా వద్దన్నాడు.

"దొంగ ఎప్పుడొస్తాడో ఏమో. బియ్యం నెలనెలా తెచ్చుకోవాల."

నేనైతే తాళం వేసుకునేవాణ్ణి. ఊరందరి తరఫునా నిర్ణయం నన్ను చెయ్యమని ఉంటే అందరికీ వేయించేవాణ్ణి. ముగ్గురు ముసలివాళ్ళకి ఆ నెల బియ్యం రాకపోయేవి. తెలిసినవాడు తెలియనివాళ్ళ మంచి కోసం తేల్చెయ్యడంలో ఉన్న చిక్కు ఇదే. నాకు గొళ్ళెం గురించి తెలుసు. ఆ ఇంట్లో వంట ఎలా అవుతుందో తెలియదు.

చెప్పి మంచిపని చేశావు అని ఎవరూ అనలేదు. తిట్టలేదు కూడా. ఫెంగల్ ఆ మర్నాడు రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. మా వైపు వానలే తప్ప పెద్ద నష్టం లేదు. నాలుగు రోజుల వేట పోయిందని ఊళ్ళో సణుక్కున్నారట. పోవద్దని ఎందుకు చెప్పారని మాత్రం ఎవరూ అనలేదట.

2025 వేసవిలో భృతిని 20 వేలకు పెంచారు. మళ్ళీ కాగితాలు కావాల్సొచ్చాయి. ఈసారి నన్ను పిలవలేదు. ఊళ్ళో డిగ్రీ చదివే అమ్మాయి తన ఫోన్‌తో ఫొటోలు తీసి, ప్రింట్లు తీయించి, అందరి ముందూ ఫొటోలు చెరిపేసిందట. పెద్దకాపు పక్కన నిలబడి చూశాడట. ఈ సంగతి జూన్‌లో సంఘం కుర్రాడు ఫోన్‌లో చెప్పాడు. సైటులో తిరునాళ్ళ ఫొటోలు పెట్టాలి, ఎప్పుడొస్తావన్నా అని అడగడానికి చేశాడు.

నాకు కొంచెం బాధేసింది. కాగితాలకి పిలవరు, ఫొటోలకి పిలుస్తారు. నా మీద నమ్మకాన్ని వాళ్ళు ఎంత ఉంచుకోవాలనుకున్నారో అంత ఉంచుకున్నారు. ఆ కొలత వాళ్ళు వేసుకున్నది. వచ్చే ఆదివారం వస్తానని చెప్పాను.